ఎక్కాల కాగితాలు

గోడలకి చెవులుంటాయని మన పెద్దవాళ్ళు చెప్పారు గానీ, కాగితానికి కూడా ఉంటాయని చెప్పిపోలేదు. చెప్పి ఉంటే ఆ రోజుల్లో బంగారమ్మ పెన్నుకి మూత పెట్టి సంచిలో పడేసేది. సొన్నాయి బతుకు ఇలా రెంటికీ చెడ్డ రేవడి అయ్యేది కాదు.

బంగారమ్మ అంటే సీదరి బంగారమ్మ. మన్యంలో పుట్టి, ఆశ్రమ పాఠశాలలో చదివి, విశాఖలో ప్రొఫెసరై, మళ్ళీ ఆ మన్యం కోసమే కోర్టుల చుట్టూ తిరిగిన మనిషి. కొండవాళ్ళకి అడవి మీద హక్కుందని రాసింది. కొండ ఆడవాళ్ళకి తమ ఒంటి మీదా, తమ మాట మీదా ఇంకా ముందు హక్కుందని రాసింది. మొదటి మాటకి కాంట్రాక్టర్లకి కోపం వచ్చింది, రెండో మాటకి సొంతవాళ్ళకి కూడా వచ్చింది. 'ఆవిడ అబద్ధాలకోరు, కట్టుకథలు రాసి జనాన్ని రెచ్చగొడుతుంది' అని బతికినన్నాళ్ళూ ఆవిడ మీద కేసులే. ఎన్ని కేసులు వేసినా ఆవిడ రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు. పోయేముందు తన కాగితాలన్నీ ఇనప్పెట్టెల్లో సర్ది, విశాఖలో ఒక పరిశోధన కేంద్రానికి రాసిచ్చేసింది. తాళాలు మాత్రం సొన్నాయి చేతిలో పెట్టింది.

సొన్నాయి నేరేడుగొంది పిల్ల, కొర్రవారి ఆడపడుచు. బడి ఈడు రాగానే తల్లి సుక్రి ఆమెని కొండ దింపి బంగారమ్మకి అప్పజెప్పింది. అప్పట్నుంచి బంగారమ్మ ఇల్లే ఆమె ఇల్లు. ఆవిడ చదువు చెప్పింది, అన్నం పెట్టింది, పుట్టెడు తిట్లు కూడా తిట్టింది. ఇప్పుడు నలభై దాటిన సొన్నాయి ఆ కేంద్రంలో బంగారమ్మ కాగితాల సంరక్షకురాలు. పెళ్ళెందుకు చేసుకోలేదే అని ఎవరైనా అడిగితే, "ఇన్ని పెట్టెలతో కాపురానికి వెళ్తే ఏ మొగుడు ఊరుకుంటాడు" అనేది.

విద్యాధర్ కూడా ఆ ఇంట్లో తిని పెరిగినవాడే. హాస్టల్లో కూడు నచ్చక బంగారమ్మ వంటింట్లో తిష్ట వేసిన కుర్రాడు, పెద్ద శాస్త్రవేత్తయ్యాడు. అతను చేసిన యంత్రానికి పేరు సిరాచెవి. చూడ్డానికి కుట్టుమిషను అంత ఉంటుంది. దానికింద కాగితం పెడితే ఒక సన్నటి వెలుగు గీత అక్షరాల మీద నెమ్మదిగా పాకుతుంది.

"ఇది పెట్టుకో," అన్నాడతను, హెడ్‌ఫోన్లు సొన్నాయి చెవులకి తగిలిస్తూ. "ఏమీ అడక్కు. విను."

ముందు వాన చప్పుడు వినిపించింది. తర్వాత కుర్చీ కిర్రుమంది. ఆ తర్వాత, పదేళ్ళ కిందట మట్టిలో కలిసిపోయిన గొంతు, చెవి పక్కనే నిలబడ్డట్టు, "ఒరే విద్యా, ఆ స్టవ్వు కట్టరా, పాలు పొంగుతున్నాయి" అంది.

సొన్నాయి హెడ్‌ఫోన్లని రెండు చేతులతో చెవులకి అదుముకుంది. విద్యాధర్ నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పాలు పొంగిపోయాయి కూడా. స్టవ్వు తుడిచింది నేనే."

"ఇదెలా వచ్చిందిరా?"

"సిరా తడిగా ఉన్నంతసేపూ పక్కన ఎవరు మాట్లాడినా వణుకుతుంది. మన కంటికి కనబడదు. ఆరిపోతూ ఆరిపోతూ ఆ వణుకుని పొరల్లో దాచేసుకుంటుంది. ఆ పొరలు వేడితో ఒలిచి చూస్తుందిది. సిరా ఎంత ఆలస్యంగా ఆరితే అంత మాట పడుతుంది. బంగారమ్మ వాడింది నీళ్ళ సిరా, రాసింది సగం కాగితాలు కొండల మీద ముసుర్లో. నా అదృష్టం చూడు." అంటూ కాగితం తీసి చూపించాడు. అక్షరాలు అలాగే ఉన్నాయి, కాస్త వెలిసినట్టున్నాయి. "ఒక్కసారే చదవగలం. తర్వాత ఈ కాగితం మూగదైపోతుంది. ఇంకో లోపం, మాట తెలుస్తుంది గానీ ఆ గొంతు ఎవరిదో యంత్రం తేల్చలేదు. అంత సన్నటి తేడాలు సిరాకి అందవు. మనమే గుర్తుపట్టాలి."

"ఆవిడ గొంతు గుర్తుపట్టడానికి నాకు యంత్రం కావాలా," అంది సొన్నాయి. ఆ సాయంత్రమే తాళాల గుత్తి అతని బల్ల మీద పెట్టింది. ఎందుకు పెట్టదు? పోయిన అమ్మలాంటి మనిషి తిరిగొచ్చి స్టవ్వు కట్టమంటుంటే తాళాలు ఎవరికి గుర్తుంటాయి.

ఒక్క షరతు మాత్రం పెట్టింది. ఆ షరతే కొంప ముంచింది. అది పెట్టకుండా ఉంటే ఆ కట్టని ఎవడూ ముట్టుకునేవాడు కాదు.

మర్నాడు క్యాంటీన్లో భోజనం చేస్తూ చెప్పింది. "మూడో పెట్టెలో ఎర్ర గుడ్డలో కట్టినవున్నాయి చూడు, ఎక్కాల కాగితాలు. వాటిని యంత్రం కింద పెట్టొద్దు."

"అవా? రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు, పేజీల నిండా అవే. పెద్దావిడకి చివర్లో మతి చలించి రాసిందేమో అనుకున్నాం మేమందరం," అన్నాడతను పెరుగన్నం కలుపుకుంటూ.

"మతి చలించలేదు, ఏమీ లేదు. మా ఊరి ఆడవాళ్ళకి ఒక పద్ధతుంది. కడుపులో మాట చెప్పుకునేటప్పుడు ఎవరి చేతులూ ఖాళీగా ఉండకూడదు. అడ్డాకులు ముందేసుకుని విస్తళ్ళు కుడుతూ, తల ఎత్తకుండా చెప్పుకోవాలి. ఖాళీ చేతుల్తో విన్నమనిషి ఆ మాట ఎత్తుకుపోతుందని నమ్మకం. బంగారమ్మకి ఆకు కుట్టడం రాదు, హాస్టల్లో పెరిగింది కదా. పుల్ల గుచ్చితే ఆకు చిరిగిపోయేదిట. ఆడవాళ్ళు నవ్వి, 'నీకొచ్చిన పనే చెయ్యవే బంగారీ, రాసుకో, మా మాట మాత్రం రాయకు' అన్నారుట. అందుకని వాళ్ళు చెబుతున్నంతసేపూ ఆవిడ ఎక్కాలు రాస్తూ కూర్చుంది."

విద్యాధర్ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. అది చూసినప్పుడైనా సొన్నాయికి అర్థం కావలసింది. కాలేదు. నమ్మకం అలాంటిది.

"అంటే వాళ్ళ గొంతులు ఆ ఎక్కాల్లో ఉన్నాయన్నమాట," అన్నాడు మెల్లగా.

"ఉన్నా మనకొద్దు. ఏం చెప్పుకున్నారో నాకూ తెలీదు. వాళ్ళు ఆవిడకి చెప్పుకున్నారు, మనకి చెప్పలేదు. ఆ ఆడవాళ్ళు సరేనంటే తప్ప తాకనని చెప్పు."

"తాకను. బంగారమ్మ మీద ఒట్టు."

ఆ తర్వాత రెండు మూడు నెలలు సొన్నాయి నేల మీద నడిస్తే ఒట్టు. పెట్టెల్లోంచి రోజుకో సంగతి బయటికొచ్చేది. బంగారమ్మ పిటిషను రాస్తూ తనలో తను గొణుక్కున్న తిట్లు, ఊరేగింపుకి ముందు ఆడపిల్లలకి నినాదాలు నేర్పడం, సొన్నాయి లెక్కల్లో తప్పితే కిటికీలోంచి కేకలెయ్యడం. పేపర్లవాళ్ళు వచ్చి రాసుకుపోయారు. ఆవిడ పేరు మీద ఒక అవార్డు పెడతామన్నారు. ఒకరోజు సొన్నాయి ఉండబట్టలేక తల్లికి ఫోన్ చేసి బంగారమ్మ గొంతు వినిపించింది. తల్లీకూతుళ్ళు మాట్లాడుకునేది కొండ మాటలో, నాకు చేతనైన తెలుగులో చెబుతున్నాను.

"సచ్చినోళ్ళని అలగ నిద్దర లేపకూడదే," అంది సుక్రి విని. తర్వాత గొంతు తగ్గించి, "మా మాట బంగారి ఎక్కడా రాయలేదు కదా?" అని అడిగింది.

"రాయలేదమ్మా. ఒక్క ముక్క లేదు. నేనే అన్నీ చూశాను."

అది నిజమే. ఆ నిజాన్ని పట్టుకునే సొన్నాయి ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

అసలు సంగతికొద్దాం. వానలు పట్టాక ఒక ఉదయం విద్యాధర్ ఆమెని ప్రయోగశాలకి పిలిచాడు. ముఖం గంభీరంగా పెట్టుకుని ఉన్నాడు. "కొండ మాటలో ఒక ముక్క దొరికింది. ఏ కట్టలోదో కలిసిపోయింది. అర్థం చెప్పి పెట్టు," అన్నాడు.

హెడ్‌ఫోన్లలో ముందు ఆకులు గలగలలాడాయి. పుల్లలు విరుస్తున్న చప్పుడు. ఆడవాళ్ళు నలుగురో అయిదుగురో ఉన్నారు. మధ్యలో ఒక పసిబిడ్డ గుక్కపట్టింది, ఎవరో నాలుక మీద 'ళ్ళొళ్ళొళ్ళొ' అంటూ ఊరుకోబెట్టారు. లోకంలో అలా ఊరుకోబెట్టే మనిషి సొన్నాయికి తెలిసి ఒక్కతే ఉంది. గొంతు పోల్చుకోడానికి యంత్రానికి చేతకాలేదేమో, కూతురికి రెప్పపాటు పట్టలేదు. ఏడ్చిన బిడ్డ తనే.

ఆ ఆడవాళ్ళు చెప్పుకున్న సంగతి ఇది. కర్ర కొట్టే లీజు క్యాంపు నేరేడుగొంది పక్కన దిగిన కాలంలో, మగవాళ్ళని రోడ్డు పనికని దూరం తోలేసి, క్యాంపువాళ్ళు ఊరి మీద పడ్డారు. ఆ తర్వాత పుట్టిన బిడ్డల్లో ఎవరు ఎవరికి పుట్టారో ఆడవాళ్ళు ఒక్కొక్కరే, ఆకు మీంచి తల ఎత్తకుండా, పేరుపేరునా చెప్పారు. ఇక ముందు ఏ బిడ్డనీ ఎవరి బిడ్డని అడగకూడదనీ, అందరికీ ఊరి ఇంటిపేర్లేననీ, మగవాళ్ళకి కూడా చెప్పకూడదనీ చేతిలో ఆకు పట్టుకుని ఒట్టేసుకున్నారు. 'కర్ర గురించి కేసెయ్యి, కూలి గురించి కేసెయ్యి, ఇది మాత్రం కోర్టుకి ఎక్కించకు' అని బంగారమ్మకి చెప్పారు. తల్లి వంతు వచ్చినప్పుడు తల్లి కూడా చెప్పింది. సొన్నాయిని భుజాలమీద ఎక్కించుకుని సంత తిప్పిన కొర్ర బుద్రు ఆమె తండ్రి కాదు. క్యాంపులో కర్ర కొలిచే గుమాస్తా. మాట తడబడకుండా, ఇంకో ఆకు అందుకున్నంత మామూలుగా చెప్పింది తల్లి.

ఆడవాళ్ళ హక్కుల కోసం అంత రాసిన మనిషివి కర్ర క్యాంపుల్లో జరిగే అత్యాచారాల సంగతి ఎందుకు రాయలేదని బంగారమ్మని తోటివాళ్ళే సభల్లో నిలదీశారు. పిరికిదన్నారు. ఆవిడ పల్లెత్తు మాట బయటపెట్టలేదు. ఎందుకో ఇప్పుడు తెలిసింది సొన్నాయికి.

హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టింది. "పెళ్ళి కబుర్లు," అంది. "ఎవరికి ఏం పెట్టాలి, సారా ఎంత కాయాలి. దీంట్లో ఏమీ లేదు, తుడిచెయ్."

విద్యాధర్ నేల చూపులు చూశాడు. "నువ్వు నాకు అబద్ధం చెబుతావనుకోలేదు సొన్నాయీ."

ఆమెకి ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు.

"అనువాదం అయిపోయింది. నువ్వూ బంగారమ్మా కలిసి కట్టిన నిఘంటువుంది కదా, దాన్ని యంత్రానికి నేర్పాం. చాలా మంచి నిఘంటువది."

"ఎక్కాల కాగితాలు తీశావు."

"తీశాను. నా జీవితంలో అంత స్పష్టంగా వచ్చిన మాట ఇంకోటి లేదు. ఇది చరిత్ర. ఎన్నాళ్ళని పాతిపెడతారు?"

"ఒట్టేశావురా."

"వేశాను."

"సరే, అయిందేదో అయింది. ఇప్పుడు తుడిచెయ్. ఇంకెవరూ వినలేదు కదా?"

అప్పుడతను కిటికీ వైపు తిరిగాడు. "యంత్రానికి పెట్టుబడి శిలాసంపద కంపెనీది. చదివింది చదివినట్టు వాళ్ళ దగ్గరికి పోతుంది. మొదటినుంచీ అంతే."

శిలాసంపద అంటే నేరేడుగొంది కొండ తవ్వుకోవాలని ఏళ్ళ తరబడి కాచుకుని కూర్చున్న కంపెనీ. ఊరివాళ్ళ పట్టాలు అడ్డం ఉన్నాయి కాబట్టి ఆగింది. సొన్నాయి అతని వీపు వైపే చూస్తూ, "నాకు చెప్పలేదే," అంది.

"చెబితే తాళం ఇచ్చేదానివా?"

చూశారా, ఆ జవాబు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయంటే ఇదే. ఒకే గిన్నెలో అంబలి తాగినవాడు, బంగారమ్మ చివరి రోజుల్లో కాళ్ళు పట్టినవాడు, తెలిసి తెలిసి ఆమె కన్నీళ్ళు చూసి మరీ తాళాలు తీసుకున్నాడు. సొన్నాయికి కోపం కూడా రాలేదు ముందు. గుమ్మం దాటి బయటికెళ్ళి వాంతి చేసుకుంది.

నెల తిరక్కుండా నేరేడుగొందికి నోటీసు వచ్చింది. కొత్తగా ఒక నిబంధన వచ్చిందిలెండి ఆ రోజుల్లో. కొండ భూమి పట్టా తండ్రి వైపు వంశం ఆదివాసీదైతేనే చెల్లుతుందిట. తల్లి ఎవరైతేనేం, తల్లి నేలని ఎవరడిగారు. అయితే అనుమానం వచ్చిందని ఊరికే ఎవరి రక్తమూ పరీక్షకి లాగకూడదు, గట్టి ఆధారం చూపించాలి. ఆ ఆధారం ఇప్పుడు కంపెనీ వకీలు చేతిలో ఉంది. అది చెల్లితే ఊళ్ళో సగం మంది రక్తం పరీక్షకి పోతుంది, సగం పట్టాలు ఎగిరిపోతాయి. అంతకన్నా ముందు, ఊళ్ళో ప్రతి మగాడికీ తన తల్లి మీద జరిగింది కాగితం మీద కనబడుతుంది.

సొన్నాయి కొండెక్కింది. తల్లి పంచలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నోటీసు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు గానీ ఎందుకొచ్చిందో ముసలి ఆడవాళ్ళు నలుగురికే అర్థమైంది. సుక్రి కూతుర్ని కూర్చోమనలేదు.

"బంగారి రాసిందా?"

"రాయలేదమ్మా. కాగితం వింది. ఆ యంత్రం కాగితంలోంచి లాగింది."

"తాళం ఎవులిచ్చారు?"

"నేనే."

సుక్రి గింజలు తీస్తూనే ఉంది. "మరి ఇప్పుడేటి సేస్తావు?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండునని సొన్నాయికి అనిపించింది.

విచారణ మండల కేంద్రంలో పెట్టారు. అధికారిణి చిన్న వయసుది, మర్యాద తెలిసిన మనిషి. ఊరివాళ్ళు వెనక బల్లల మీద కూర్చున్నారు, ముసలి ఆడవాళ్ళు గోడవారగా నేలమీద. కంపెనీ వకీలు రికార్డు వినిపిస్తానని లేచాడు. ఆమె ఆపింది.

"ఇంతమంది ముందు వినిపించే సంగతి కాదు. ముందు ఈ కాగితాలు ఎక్కడివో, ఎప్పటివో తేలనివ్వండి. యంత్రంతో మళ్ళీ చదివి చూపించగలరా?"

"కాగితం ఒక్కసారే చదవబడుతుందండి," అన్నాడు విద్యాధర్ లేచి.

"అయితే ఇవి నేరేడుగొందిలో, ఆ ఆడవాళ్ళ ముందు రాసినవని ఎవరు చెప్పాలి?"

"కాగితాల సంరక్షకురాలు చెప్పాలి. బంగారమ్మగారి దగ్గరే పెరిగిన మనిషి," అని వకీలు సొన్నాయిని చూపించాడు. అతనికి అనుమానమే లేదు. బంగారమ్మ పేరు నిలబెట్టడానికి ప్రాణమైనా ఇస్తుందని ఊరూవాడా తెలిసిన మనిషి కదా సొన్నాయి.

సొన్నాయి లేచి నిలబడింది. నిజమే చెబుతానని ప్రమాణం చేసింది. అక్కడిదాకా ఆమెకే తెలీదు ఏం చెప్పబోతోందో. గోడవార తల్లి చీర కొంగు కనబడింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఈ కాగితాలు నేరేడుగొందిలో రాసినవి కావు. విశాఖలో, మా ఇంట్లో బంగారమ్మ రాసింది. కొండ మాట వచ్చిన కూలీ ఆడవాళ్ళని పిలిపించి, ఏం చెప్పాలో నేర్పి చెప్పించింది. పుస్తకంలో వాడదామనుకుంది. తర్వాత మానేసింది. నాకు బాగా తెలుసు, నాకు చెప్పే చేసింది."

వెనక ఎవరో గట్టిగా ఊపిరి పీల్చారు. వకీలు ఒక్క క్షణం తడబడి, వెంటనే తేరుకున్నాడు. "అంటే బంగారమ్మగారు సాక్ష్యాలు కల్పించేవారంటారా?"

"కల్పించేది."

"ఊరి పిల్లల పేర్లు కూడా చెప్పారు అందులో."

"పేర్లు ఆవిడకి తెలుసు. ఎన్నోసార్లు వచ్చిన ఊరే కదా."

"పసిబిడ్డ ఏడుపు వినబడుతోంది. అది కూడా కల్పనేనా?"

"పక్కింటివాళ్ళ బిడ్డ," అంది సొన్నాయి.

వకీలు దగ్గరికొచ్చాడు. గొంతు తియ్యగా మార్చాడు. "ఈ ఒక్క కట్టే కల్పనా అమ్మా? మరి ఆవిడ రాసిన పుస్తకాలు, కమిషన్ల ముందు ఇచ్చిన సాక్ష్యాలు, అవన్నీ నిజాలేనా? ఆలోచించి చెప్పండి. అవి నిజమైతే ఇదొక్కటీ అబద్ధమని ఎలా నమ్మమంటారు?"

ఇదండీ ముడి. సొన్నాయికి బంగారమ్మ వంటిల్లు గుర్తొచ్చింది. కోర్టు నుంచి వచ్చి, చెప్పులు విడుస్తూ, 'ఈరోజు కూడా అబద్ధాలకోరునని రుజువు చెయ్యలేకపోయారే పిల్లా, టీ పెట్టు' అనే నవ్వు గుర్తొచ్చింది. తల ఎత్తి వకీలు ముఖంలోకి చూసింది.

"అన్నీ అంతే. ఆవిడ రాసినవేవీ నమ్మొద్దు."

అధికారిణి సొన్నాయి చెప్పింది కాగితం మీద రాసుకుంది. తర్వాత విద్యాధర్ వైపు తిరిగి, "మీరూ ఆవిడ శిష్యులేనట. ఈమె చెప్పింది నిజమేనా?" అని అడిగింది.

విద్యాధర్ లేచి నిలబడ్డాడు. అతనికి నిజం తెలుసు. ఆ నిజం చెబితే యంత్రం పేరు దేశమంతా మోగుతుంది, చెప్పకపోతే తన పాతికేళ్ళ చాకిరీ ఒక కట్టుకథని చదివిన పెట్టెగా మిగులుతుంది. సొన్నాయి అతని వైపు చూడలేదు.

"యంత్రం మాట వింటుందండీ," అన్నాడతను. "ఏ ఊళ్ళో రాశారో అది చెప్పలేదు. నాకూ తెలీదు." ఆ మాట చెప్పి కూర్చుని, రెండు చేతుల్లో ముఖం పెట్టుకున్నాడు. దానికి సొన్నాయి అతన్ని క్షమించిందా అంటే, లేదు.

రక్తపరీక్షకి ఆధారం చాలదని అధికారిణి తేల్చేసింది. పట్టాలు నిలిచాయి. నేరేడుగొంది మగవాళ్ళు ఏం తప్పిపోయిందో తెలీకుండానే సంబరపడ్డారు. పేపరువాళ్ళు ఫోన్లు పట్టుకుని బయటికి పరిగెత్తారు, బంగారమ్మ అబద్ధాల పుట్ట అని సాయంత్రానికల్లా లోకమంతా చెప్పెయ్యాలి మరి. అవార్డు లేదు. పుస్తకాలు పాఠాల్లోంచి తీసేస్తారు. కాంట్రాక్టర్లు, వాళ్ళ వకీళ్ళు ఇన్నేళ్ళు కష్టపడి చెయ్యలేకపోయిన పనిని పెంపుడు కూతురు ఒక్క పూటలో చేసి పెట్టింది.

ఊరివాళ్ళు తిరుగు ప్రయాణానికి జీపు ఎక్కుతున్నారు. సొన్నాయి సంచి తీసుకుని వచ్చింది. కొన్నాళ్ళు తల్లి దగ్గర పడుకుంటే చాలనిపిస్తోంది ఆమెకి. విశాఖలో ఏ ముఖం పెట్టుకుని తిరుగుతుంది. సుక్రి జీపుకి అడ్డంగా నిలబడింది. కూతుర్ని చెయ్యి పట్టుకుని పక్కకి, గోడ వెనక్కి తీసుకెళ్ళింది.

"మంచి పని సేసినావు," అంది.

సొన్నాయికి ఏడుపు ముంచుకొచ్చింది. ఇంటికెళ్ళాక ఏడుద్దాంలే అని ఆపుకుంది.

"నువ్వు ఇన్నావు కదే."

"విన్నాను."

"అందరివీ?"

"అందరివీ అమ్మా. ఎవరికీ చెప్పను. చచ్చినా చెప్పను."

"సెప్పవు. నాకు తెలుసు." సుక్రి కూతురి చెంప మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి గరుకుగా, వెచ్చగా ఉంది. "ఆ ముసిలోళ్ళకి కూడా తెలుసు నువ్వు సెప్పవని. అయినా రేపు ఊళ్ళో నువ్వు తిరుగుతుంటే ఆళ్ళు నిన్ను కాదు, నీకు తెలిసిందాన్ని సూస్తారు. ఆళ్ళ కొడుకుల్తో నువ్వు మాటాడితే ఆళ్ళ పానం కొట్టుకుంతాది. మేం సెప్పుకున్నోళ్ళం ఒకలికొకలు సమానం. నువ్వు మాకు సెప్పింది ఏటీ లేదు."

"నేనేం చెయ్యాలమ్మా?"

"ఊరికి రాకు."

జీపు డ్రైవరు హారను కొట్టాడు. "నేను నీ కూతుర్ని," అంది సొన్నాయి.

"బంగారి మా ఊరికి కూతురు కాదా? ఆ రోజు ఇన్నాక, మరి మా ఊరికి రావద్దని మేమే సెప్పినాం. కేసులకి బయపడి రాటం లేదని నువ్వనుకున్నావు. అది ఒక్క మాట అనలేదు. అలాగేనని సంచి ఎత్తుకుని కొండ దిగిపోనాది. సచ్చేదాకా మా మాట మోసింది, మా గడప తొక్కలేదు." సుక్రి కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇప్పుడు దాన్ని నువ్వు దొంగని సేసినావు, మా కోసమే సేసినావు. దానికేటి సెప్పుకుంతామో మేం పోయాక సెప్పుకుంతాం."

సొన్నాయి తల్లి రెండు చేతులూ పట్టుకుంది. "నువ్వైనా వస్తావా, విశాఖ?"

"నాకు ఏనుగునిచ్చినా ఆ ఊరొద్దే. నాను ఇక్కడిదాన్ని," అంది సుక్రి. నవ్వబోయింది గానీ రాలేదు. చేతులు మెల్లగా విడిపించుకుని వెళ్ళి జీపెక్కింది. లోపలి ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

విశాఖ బస్సులో సొన్నాయికి కిటికీ పక్క సీటు దొరికింది. పక్కన ఒక పెద్దావిడ వచ్చి కూర్చుని, బుట్ట కాళ్ళ దగ్గర సర్దుకుని, మాట కలుపుదామని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. సొన్నాయి నోరు తెరిచింది. ఏమీ రాలేదు. ఆవిడ ఇంకోసారి అడిగి, వినబడదేమో పాపం అనుకుని ఊరుకుంది.